పటంలో ఎర్రసిరా పేర్లు

సోషల్ మాస్టారు రాధాకృష్ణమూర్తి చెడ్డవాడని నేననను. చెడ్డవాడయితే బాగుండేది, మొహాన నాలుగు మాటలనేసి ఊరుకునేవాణ్ణి. ఊళ్ళో నన్ను ‘నతానియేలు గారూ’ అని పిలిచేది ఆయనొక్కడే. నా కూతురు ఫెబాకు పటం గీయడం నేర్పిందీ ఆయనే, నా నోటి దగ్గర కూడు తీసిందీ ఆయనే.

ఫెబా అప్పుడు మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి. నేను ఏడులో మానేశాను. మిరప కోతలకు మనిషి తక్కువయ్యాడని మా నాన్న మాన్పించాడు, మళ్ళీ పంపలేదు. అందుకని బడి సంగతుల్లో తలదూర్చను. నిరుడు దసరా సెలవులయ్యాక మాస్టారు పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇచ్చాడు. ఊరి పొలాలన్నీ కొలిచి పటం గీయాలి. సొంతదారు పేరు నీలం సిరాతో, సేద్యం చేసేవాడి పేరు ఎర్రసిరాతో రాయాలి.

మా వైపు కౌలుకు కాగితం ఉండదు. ఉగాదికి ముందు ఆసామి ఇంటికి వెళ్ళి నిలబడతాం. ఆయన ఊఁ అంటే ఆ ఏడు పొలం మనది. ప్రభుత్వం కౌలు కార్డు ఇస్తానన్నా ఆసామి సంతకం పెట్టడు, మనం అడగం. కౌలుదారు పేరు కాగితమెక్కితే పొలం పోతుందని వాళ్ళ భయం, ఎక్కితే కౌలు పోతుందని మా భయం. గుంటూరులో ఉండే శశిభూషణ్ గారి పొలం నేను పదకొండేళ్ళు అలాగే చేశాను. నా చేతికొచ్చేనాటికి అది చౌడు చెక్క. మట్టి తోలి, ఎరువు కోసం ఏటా గొర్రెల మంద కట్టించి దాన్ని మిరపకు తెచ్చాను. అది తప్ప నాకు ఇంకో ఆధారం లేదు.

ఇంత తెలిసినవాణ్ణి నోరు మూసుకోవాల్సింది. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలు టేపు పట్టుకుని గట్లంట తిరిగారు. సాయంత్రం ఫెబా గ్రాఫు కాయితాలు పరిచి, ఈ సర్వే నంబరు పొలం ఎవరు చేస్తున్నారు నాన్నా అని అడిగితే చెప్పాను. ఏ చెక్క ఎవడి చేతిలో ఉందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అరవై మూడు చెక్కలు, ఒక్కటి తప్పకుండా చెప్పాను. బడిలో నన్నెవరూ అంతసేపు మాట్లాడనివ్వలేదు. వంకర పొలాన్ని త్రికోణాలుగా విడగొట్టి విస్తీర్ణం ఎలా కట్టాలో పిల్ల నాకు చూపించింది. అర్థమైంది. నూరెకరాలకు డెబ్భై ఒక్క ఎకరం కౌలువాళ్ళే చేస్తున్నారని లెక్క తేల్చింది. అది మాత్రం నాకు తెలియదు.

ఆ పటానికి గుంటూరులో జిల్లా ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. పత్రికాయన వచ్చి, మీ నాన్న చేసే పొలం మీద వేలు పెట్టమ్మా అన్నాడు. పెట్టింది. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ఎర్రసిరా పేర్లలో చదవడానికి వీలైంది ఆ వేలి పక్కనున్న నా పేరొక్కటే.

టీకొట్టు దగ్గర పక్క పొలం కౌలుదారు అల్లాబక్షు ఊరుకోలేదు. “ఏరా నతానియేలూ, పేపరెక్కావు. పాసుబుక్కు ఎప్పుడు తెచ్చుకుంటన్నావు?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మధ్యాహ్నమే శశిభూషణ్ గారు ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్ళాను. పేపరు మడిచి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు.

“ఎన్నేళ్ళయింది నువ్వు చెయ్యబట్టి?”

“పదకొండండి.”

“పన్నెండయితే కోర్టుకెక్కొచ్చని చెప్పాడా మీ మాస్టారు?”

“పిల్లల చదువండి అది. మాకేం తెలుసండి.”

“తెలియకుండానే సర్వే నంబరుతో సహా రాయించావా?”

పటం విజయవాడలో రాష్ట్ర ప్రదర్శనకు పోయేలోపు ఆ పేరు తీసేస్తే అప్పుడు ఆలోచిస్తానన్నాడు.

బడికి వెళ్ళి మాస్టారికి చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తను వచ్చి శశిభూషణ్ గారితో మాట్లాడతానన్నాడు. మీరొస్తే ఇంకా చెడుతుందన్నాను. నిజం రాసిన పిల్లకు చెరపమని నేను చెప్పలేనండీ, మీరే చెప్పండి అన్నాడు. నేర్పేటప్పుడు ఆయన, చెరిపించేటప్పుడు నేను.

ఇంటికొచ్చి చెప్పాను.

“తప్పు రాశానా నాన్నా?” అంది ఫెబా.

“లేదు.”

“మరి?”

“తీసెయ్.”

ఏడవలేదు. తెల్లకాయితం నా పేరంత ముక్క కత్తిరించి, జిగురు రాసి అంటించింది. అంచులు లేవకుండా గోటితో నొక్కింది.

విజయవాడకు నేనూ వెళ్ళాను, ఆడపిల్లను ఒంటరిగా పంపలేక. బహుమతులు నిర్ణయించే పెద్దావిడ పటమంతా చూసి మెచ్చుకుంది. ప్రతి చెక్కలో రెండు రంగులున్నాయి, ఈ ఒక్కదాంట్లో ఎర్రసిరా లేదేమ్మా అని అడిగింది. నేను వెనకాలే నిలబడి ఉన్నాను. ఫెబా నా వైపు తిరగలేదు.

“అది బీడండి. ఎవరూ చెయ్యట్లేదు.”

రెండో బహుమతి ఇచ్చారు. కప్పు, సర్టిఫికెట్టు. మాస్టారు చప్పట్లు కొట్టాడు. నేను రెండు చేతులూ దగ్గరికి తెచ్చాను, చప్పుడు రాలేదు. మిరప కోత రోజులు, అరిచేతులు మండుతున్నాయి.

కోతలయ్యాయి. కాయ యార్డుకు తోలాను. ఉగాది ముందు ఎప్పటిలాగే వెళ్ళి శశిభూషణ్ గారి గుమ్మం ముందు నిలబడ్డాను. పేరు తీసేశామని ఫోన్‌లో ఫొటో కూడా తీసుకెళ్ళాను. ఆయన బయటికి రాలేదు. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ గారు వచ్చి, ఈ ఏటి నుంచి అల్లాబక్షుకు ఇచ్చామని చెప్పింది. ఫొటో చూపించబోయాను. ఆవిడ నా ఫోన్ వంక చూసి, ఎండగా ఉంది, మంచినీళ్ళు తాగుతావా అని అడిగింది. తాగాను.

అల్లాబక్షు సాయంత్రం ఇంటికొచ్చాడు. “నేనడగలేదురా. ఆయనే పిలిచి ఇచ్చాడు,” అన్నాడు. తూర్పు గట్టు కింద నీళ్ళు నిలుస్తాయి, నారు పెట్టకముందే కాలవ తీసుకో అని చెప్పాను. సరేనని కాసేపు కూర్చుని వెళ్ళాడు.

ఫెబా ఇప్పుడు పదిలో ఉంది. బడి గోడ మీద దాని ఫొటో పెట్టారంట. నేను చూడలేదు. చదువుకునేటప్పుడు నన్నేమీ అడగదు. నేను కూలికి పోతున్నాను, ఎక్కువగా అల్లాబక్షు పిలిస్తేనే.

ఆ పొలం పాసుబుక్కులో మూడెకరాల ఇరవై సెంట్లని ఉంది. పిల్ల కొలిస్తే రెండు సెంట్లు తగ్గింది. నాకు పోయింది మూడెకరాల పద్దెనిమిది సెంట్లు.