గిన్నె పట్టుకునే మనిషి

శివపార్వతి ఎసట్లో నూకలు పోసి, మంట తగ్గించి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంది. అన్ని వైపుల నుంచీ వస్తోంది. డంజెనెస్ సముద్రతీరంలో గాలికి వేరే పనేం ఉంటుంది? కనుచూపు మేర గులకరాళ్లు, వాటి మధ్య నాలుగు ఎండు గడ్డిదుబ్బులు, ఎవరో ఒడ్డుకు లాగి వదిలేసిన పాత పడవలు. ఇంగ్లండ్‌లో ఎడారి అంటూ ఉంటే ఇదేనంటారు జనం. లీసెస్టర్ ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేవాళ్లు ఏటా జూన్‌లో కోచ్ బస్సు మాట్లాడుకుని ఇక్కడికి వస్తారు. మిగతావాళ్లు చిప్స్ కోసం వెళ్తే, శివపార్వతి కోచ్ చాటున చిన్న గ్యాస్ స్టవ్ వెలిగించి రాగి సంగటి చేస్తుంది.

ఇంట్లో చేసుకోవచ్చు కదా అంటారేమో. అదీ అయింది. ఈ దేశం వచ్చిన మొదటి నెలలోనే ఫ్లాట్‌లో గాజుపలక పొయ్యి మీద గిన్నె పెట్టి, కదిరి దగ్గర వాళ్లమ్మ గెలికినట్టు ఒంట్లో బలమంతా పెట్టి గెలికింది. పలక ఈ చివర నుంచి ఆ చివరకు పగిలింది. ఏం వండితే ఇలా పగిలిందని ల్యాండ్‌లార్డ్ అడిగితే, భర్త రామాంజనేయులు తల గోక్కుని, జావ అనే అర్థంలో "పారిడ్జ్" అన్నాడు పాపం. కిందికి దించి నేల మీద గెలకవచ్చు, నిజమే. కానీ అందుకు గిన్నె కదలకుండా పట్టుకునే రెండో మనిషి కావాలి. రెస్టారెంట్లో వంట చేసే రామాంజనేయులు ఇంటికి ఎప్పుడొచ్చేవాడు గనక? ఆయన పోయి ఆరేళ్లయింది. కోవెంట్రీలో ఉద్యోగం చేసే కూతురు అపూర్వను అడిగితే "టూ హెవీ, మమ్" అంటుంది. అలా శివపార్వతికి సంగటి ఏడాదికి ఒక్క పూట భాగ్యమైంది.

రెండో మనిషి నాగజ్యోతి. అమలాపురం దగ్గరావిడ, నాలుగేళ్లు పెద్ద. మెషీన్ పట్టని దుప్పట్లన్నీ ఇద్దరూ చెరో కొసా పట్టుకుని పద్నాలుగేళ్లుగా మడుస్తున్నారు. ఇల్లు ఊరికి ఆ చివరన, షిఫ్టు దిగగానే బస్సు పట్టుకోవాలి గనక ఏటా ఇక్కడికి వచ్చినప్పుడే గిన్నె పట్టుకుంటుంది. పట్టుకోవడమే గానీ, ఇన్నేళ్లలో ఒక్క ముద్ద నోట్లో పెట్టిన పాపాన పోలేదు. "మేం అన్నం తినేవాళ్లం తల్లీ, సిమెంటు కాదు" అని తన డబ్బాలోని పులిహోర తీసుకునేది.

ఈసారి మాత్రం ఆమె కోచ్‌లో తిరిగి రావడం లేదు. సముద్రం అవతల బెల్‌ఫాస్ట్‌లో ఉండే కొడుకు శ్రీకర్‌కు కవలలు పుట్టారు. మూడు గంటలకు అద్దె కారేసుకుని వచ్చి, తల్లిని ఇటు నుంచి ఇటే గాట్విక్ విమానాశ్రయానికి తీసుకువెళ్తాడు. ఉద్యోగం మానేస్తున్నానని ఆమె మూడు వారాల కిందట క్యాంటీన్లో చెప్పింది. అప్పటి నుంచి శివపార్వతి దుప్పట్ల గురించి తప్ప మాట్లాడలేదు. కోపమా అంటే కోపమే. మనవలను వదిలి ఉండిపొమ్మని అడిగే హక్కు తనకెక్కడిది? తినమని అడగవచ్చు. ఒక్క ముద్ద తిని వెళ్తే చాలనుకుంది.

నూకలు మెత్తబడ్డాయి. రాగిపిండి గుట్టగా పోసి, కర్రతో నడుమ చిల్లు పొడిచి మూత పెట్టింది. పిండి మగ్గేదాకా ఇద్దరూ చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. మగ్గాక గిన్నె దించి రాళ్ల మధ్య పెట్టింది. నాగజ్యోతి బూట్ల మధ్య దాన్ని ఇరికించుకుని, అంచులను రెండు తువ్వాళ్లతో అదిమి పట్టింది.

"గట్టిగా పట్టుకోక్కా. రాళ్లల్లోకి దిగబడతాంది."

"అమ్మయ్య, నోరు తెరిచావా! పట్టుకున్నాలే, కానియ్."

శివపార్వతి సంగటి కట్టెను రెండు చేతులా పట్టుకుని గెలకడం మొదలుపెట్టింది. గిన్నె ఇటు ఒరిగితే నాగజ్యోతి అటు లాగుతోంది. పిండి బిగిసేకొద్దీ ఇద్దరికీ ఆయాసం. ఇంతలో నాగజ్యోతి కోటు జేబులో ఫోన్ మోగింది.

"నీ కొడుకేమో. ఎత్తక్కా."

"ఎత్తితే గిన్నె ఎవరు పట్టుకుంటారే?"

శివపార్వతి చేతులు ఆగిపోయాయి. మూడు వారాలుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది.

"వచ్చే ఏడు ఎవరు పట్టుకుంటారో చెప్పిపో మల్ల! నువ్వు పోతే నాకెవరుండారక్కా ఈ ఊర్లో? ఆయనా పాయె, నువ్వూ పోతాంటివి!"

ఫోన్ మోగి మోగి ఊరుకుంది. నాగజ్యోతికి కళ్లనిండా నీళ్లు. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ముందు గెలుకు. ఉండ కడితే నన్ననకు" అంది.

ఉండ కట్టలేదు. శివపార్వతి చేతులు తడుపుకుని రెండు ముద్దలు చేసింది, ఒకటి తనకు, ఒకటి ఆమెకు. పక్కన చెనిక్కాయల చట్నీ వేసి, నెయ్యి సీసా మూత తీసింది. నాగజ్యోతి ముద్దను వేరే పళ్లెంలో పెట్టి, ఆమె ముందుకు జరిపింది. తినమని అడగబోయింది. అంతలో రోడ్డు మీద కారు ఆగింది. రెండున్నరే అయింది. శ్రీకర్ అద్దం దించి, "అమ్మా, దారంతా ట్రాఫిక్. ఇప్పుడే బయల్దేరాలి" అని కేకేశాడు.

నాగజ్యోతి లేచి నిలబడింది. కోటు సర్దుకుని, మళ్లీ వంగి పళ్లెం చేతిలోకి తీసుకుంది. ఎవరూ చెప్పకుండానే బొటనవేలితో ముద్ద నడుమ గుంట చేసి శివపార్వతి ముందు పట్టింది. శివపార్వతి అందులో నెయ్యి పోసింది. నాగజ్యోతి అంచున చిన్న ముక్క తుంచి, నేతిలో, చట్నీలో అద్ది, నమలకుండా గుటుక్కున మింగింది. సంగటి తినే తీరు అదే; పద్నాలుగేళ్లూ పక్కన కూర్చుని చూసిందంతా పోతుందా మరి!

"ఎట్లుందక్కా?"

"నాకేం తెలుస్తుందే, మింగేశానుగా!" అని నవ్వబోయి ఏడ్చేసింది. శివపార్వతిని ఒక్కసారి గట్టిగా కావలించుకుని, వెనక్కి చూడకుండా గులకరాళ్ల మీద తడబడుతూ వెళ్లి కారెక్కింది.

కారు లైట్‌హౌస్ దాటి కనుమరుగయ్యేదాకా శివపార్వతి నిలబడే ఉంది. తర్వాత వచ్చి కూర్చుని తన ముద్ద తను తినేసింది. అంచున కాస్త తుంచిన రెండో ముద్ద రాళ్ల మీద పళ్లెంలో అలాగే ఉంది. దాని నడుమ బొటనవేలు దిగినంత గుంటలో, గాలికి నెయ్యి తెల్లగా పేరుకుంటోంది.