వెనక అద్దంలో ఒక బూటు

ఉదయం ఆరూ ఇరవైకి ఇన్‌స్పెక్టరు వాకిట్లో వంగి కారు టైర్లలో గాలి చూస్తున్నాడు. పెట్రోలు బంకు వాళ్ల మీటరు మీద ఆయనకు నమ్మకం లేదు. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పాలవాడి గిన్నె దగ్గర్నుంచి పెళ్లాం మాట దాకా దేన్నీ తన కొలతకు తూగితే తప్ప ఒప్పుకోడు.

"ఆ మిలట్రీ ఇంకా తెమల్లేదా?" అని లోపలికి కేకేశాడు.

మిలట్రీ అంటే ఆయన తమ్ముడు. ఆ పేరు గౌరవంతో పెట్టింది కాదు. వయసులో ఉండగా సైన్యంలో చేరాడు. దళమంతా సరిహద్దుకు రైలెక్కిన రోజున తను ఎక్కలేదు. కొన్నాళ్లు కాపలా గదిలో ఖైదుగా పెట్టి, పనికిరాడని రాసి, ఇంటికి పంపేశారు. పారిపోయాడని అన్న చెప్పాడు, అందరూ నమ్మారు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో పిల్లలు అన్నం వదిలేసినా, కుక్క ఉరుముకు జడిసి మంచం కింద దూరినా, "అచ్చం మిలట్రీయే" అనేవారు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఓ ప్రెస్సులో అట్టలు అంటించే పని చేసి, అదీ మానేశాక మేడ మీద చిన్నగదిలో ఉంటున్నాడు.

ఆ రోజు ఆయన్ని వృద్ధాశ్రమంలో దింపడానికి బయల్దేరారు. పోయిన నెల కుళాయి కట్టేయడం మరిచిపోతే మెట్ల మీదుగా నీళ్లు హాల్లోకి వచ్చాయి. "ఇది ఇల్లు. బారక్సు కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అంతే, తీర్పయిపోయింది.

తమ్ముడు ఒక్కసారే అడిగాడు. "ఇంకో ఏడాది ఆగుదాం అన్నయ్యా. మేడ మీద గది వద్దంటే మెట్ల కిందయినా సర్దుకుంటాను."

"ఆగిపోవడం నీకు అలవాటేగా," అన్నాడు అన్న.

ఆశ్రమం వాళ్లకు ఫోన్ చేసింది ఇన్‌స్పెక్టరు కూతురే. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా ఊపిరి బిగబట్టండి, వదలండి అని చెప్పి చెప్పి, ఇంట్లో కూడా రెండు మాటల్లో పని తేల్చేయడం అలవాటైంది. "మాజీ సైనికుడు, మా బాబాయి. గురువారం తీసుకొస్తాం," అని చెప్పి పెట్టేసింది. నాన్న కంటికి ఆపరేషనయింది కాబట్టి కారు నడపడమూ ఆమె వంతే అయింది.

మిలట్రీ తన పచ్చరంగు ఇనప పెట్టె మోసుకుంటూ వచ్చాడు. సైన్యం నాటి పెట్టె. ఇన్నేళ్లూ మెట్ల కింద ఉండేది, దాని మీద అందరి చెప్పులూ ఉండేవి. చెప్పుల గుర్తులు తుడిచినా పోలేదు.

"కాళ్లు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ కారుకు అదొక పద్ధతి. ఎవరెక్కినా మొదట సీటు అంచు మీద పక్కకు తిరిగి కూర్చోవాలి, కాళ్లు బయటే ఉంచి రెండు పాదాలూ టకటకా కొట్టుకోవాలి, ఆ తర్వాతే లోపలికి లాక్కోవాలి. కారులో ఇసుక రేణువు కనపడితే ఇన్‌స్పెక్టరుకు ఆ పూట అన్నం సయించదు. మిలట్రీ కాళ్లు కొట్టుకున్నాడు. ఆయన పక్కన వదినగారు, ఒళ్లో టీ ఫ్లాస్కు. ముందు సీట్లో ఇన్‌స్పెక్టరు.

కారు సందులోంచి వెనక్కి తీయాలి గనక మిలట్రీ మళ్లీ దిగాడు. అది ఆయన ఉద్యోగం. ఆ కారు వెనక అద్దంలో అప్పటికప్పుడు వెనకున్నది కనపడదు. ఇంతకు ముందు ఎప్పుడైనా అదే దారిన అటువైపే పోయి ఉంటే, అప్పుడు వెనక ఏముందో అది కనపడుతుంది. ఎన్నడూ పోని దారయితే ఉత్త బూడిదరంగే. అద్దాన్ని రెండుసార్లు మార్పించారు. కొత్తదీ వారం తిరక్కుండానే అలాగే తయారైంది. మెకానిక్కు "పాత బండి కదండీ" అని ఊరుకున్నాడు. వాళ్లూ ఊరుకున్నారు. కాకపోతే వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి చెప్పాలి.

"రానీ... రానీ... ఎడమకు కొట్టు... ఆగు," అని మిలట్రీ అరిచాడు. మళ్లీ ఎక్కి కాళ్లు కొట్టుకున్నాడు.

హైవే మీద కాసేపు బాగానే ఉంది. ప్రతి ఎండాకాలం సెలవుల్లో సముద్రానికి వెళ్లిన దారి అది. వదినగారు ముందుకు వంగి అద్దంలోకి చూస్తూ, "అదిగో టోపీ," అంది. కూతురి చిన్నప్పటి గడ్డిటోపీ కిటికీలోంచి ఎగిరిపోయి, రోడ్డు మీద దొర్లుతూ దూరమైంది. కారాపమని పిల్ల ఏడిచినా ఇన్‌స్పెక్టరు ఆపలేదు. ఆ దారిన పోయినప్పుడల్లా టోపీ ఎగురుతుంది, తల్లి చూపిస్తుంది.

"నీ టోపీకి నేను మోకాళ్ల దాకా పుళ్లు చేసుకున్నాను, గుర్తుందా?" అన్నాడు మిలట్రీ. మర్నాడు తుప్పల్లోకి వెళ్లి వెతికింది ఆయనే.

"దొరకలేదుగా," అంది కూతురు అద్దం నుంచి కళ్లు తిప్పుకుని.

పెద్ద జంక్షను ఇంకా దూరం ఉందనగా పోలీసు చెయ్యడ్డం పెట్టాడు. ముందెక్కడో ట్యాంకరు బోల్తాపడింది, బళ్లన్నీ క్వారీ రోడ్డు పట్టాలి.

ఇన్‌స్పెక్టరు వీపు సీటుకు ఆనలేదు. "వద్దు. ఆ రోడ్డు వద్దు. టైర్లు పాడవుతాయి. వెనక్కి తిప్పు, ఇంకో రోజు వద్దాం."

"వెనకాల లారీలున్నాయి నాన్నా."

"వాళ్లే జరుగుతారు. ఒరే మిలట్రీ, దిగి చూడు."

మిలట్రీ కదల్లేదు. "కాళ్లు నొప్పి," అన్నాడు.

ఆయన ఆ మాట అనడం ఎవరూ వినలేదు అంతవరకు. ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి చూశాడు. తమ్ముడు కిటికీ వైపు చూస్తున్నాడు. లారీ హారను కొట్టింది. కూతురు క్వారీ రోడ్డులోకి తిప్పేసింది.

రెండు పక్కలా తవ్వి వదిలేసిన రాతిగోడలు, మధ్యలో తెల్లటి దుమ్ము. లారీలు దాటుకుని పోయాయి. అద్దం బూడిదరంగులో లేదు.

"ఈ దారిన మనం ఎప్పుడూ రాలేదు కదా?" అంది కూతురు.

ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపి అద్దాన్ని తన వైపు తిప్పుకోబోయాడు. ఆమె ఆ చేతిని తోసేసింది. "నడిపేది నేను నాన్నా. ముట్టుకోకండి."

మలుపు తిరిగాక అద్దంలోకి ఒక కుర్రాడు వచ్చాడు. సైనికుడి బట్టలు. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఒక బూటు విప్పి, తిరగేసి, అందులోని ఇసుక దులుపుతున్నాడు. నవ్వుతూ ఏదో అంటున్నాడు. తలెత్తాడు. నవ్వు పోయింది. బూటు చేత్తో పట్టుకుని, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో కంకర మీద పరిగెత్తడం మొదలుపెట్టాడు. కారు ముందుకు పోయేకొద్దీ చిన్నవాడవుతున్నాడు.

కూతురు బ్రేకు వేసింది. కారు ఆగితే అద్దంలో బొమ్మా ఆగుతుంది. కుర్రాడు బూటున్న చెయ్యి పైకెత్తి అలాగే నిలిచిపోయాడు. ఆ మొహాన్ని ఆమె ఎరుగును. అది ఇప్పుడు వెనక సీట్లో ఉంది.

"ఈయన రైలెక్కనని మీ దగ్గర ఏడ్చాడన్నారు," అంది. "పెట్టె మీ కారులోనే వదిలేసి దిగిపోయాడన్నారు."

"సముద్రం చూసుకుని, వీణ్ని రైలెక్కించడానికి ఈ అడ్డదారిన స్టేషనుకు వెళ్తున్నాం. కారు కొత్తది. బూట్ల నిండా ఇసుక," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "దిగి దులుపుకోమన్నాను. అంతే."

"తర్వాత?"

"కాస్త ముందుకెళ్లి ఆగుదామనుకున్నాను. బుద్ధి వస్తుందని."

"ఆగారా?"

వెనక నుంచి మిలట్రీ చెప్పాడు. "ఆగలేదు. స్టేషను చేరేసరికి చీకటి పడింది. నా కాగితాలూ ఆ పెట్టెలోనే ఉన్నాయి."

"మరి ఇన్నేళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు బాబాయ్?" ఆమె గొంతులో జాలి లేదు, కోపమే ఉంది.

"వచ్చిన రోజే చెప్పాను. అన్న మీద చాడీలా అని మా నాన్న చెంప పగలగొట్టాడు. ఇంట్లో పెట్టె ఉందిగా. మనిషి మాట కన్నా పెట్టె మాటే నమ్మకం. ఆ తర్వాత నువ్వు పుట్టావు. నీకు మాటలొచ్చాక మొదట అడిగిందేమిటో తెలుసా? ఎందుకు పారిపోయావు బాబాయ్ అని. నేర్పి పంపించారు."

వదినగారు ఫ్లాస్కు మూత తెరవబోయి మళ్లీ బిగించింది. "మా తమ్ముడు సైన్యంలో చేరతానంటే ఈ కథే చెప్పి ఆపారు మీరు," అంది మొగుడితో. "వాడు ఈ రోజుకీ కొట్లో గోనెసంచులు లెక్కపెడుతున్నాడు."

"అక్కడికి వెళ్లుంటే చచ్చేవాడు!" ఇన్‌స్పెక్టరు గొంతు లేచింది. "వాళ్ల దళంలో ఎంతమంది తిరిగొచ్చారో కనుక్కోండి. ఒక విధంగా నేనే వీణ్ని బతికించాను."

"బతికించావు," అన్నాడు తమ్ముడు. "మెట్ల కింద చెప్పుల్ని బతికించినట్టు."

కూతురు కారు దిగి ఇన్‌స్పెక్టరు వైపు తలుపు తెరిచింది. "దిగండి నాన్నా. కాళ్లు దులుపుకోండి."

"ఏమిటే ఆ మాట?"

"ఇసుక ఉంది. దిగండి."

ఆయన దిగలేదు. సీటు అంచు పట్టుకుని కూర్చున్నాడు. వదినగారు కిటికీ అద్దం పైకెత్తుకుంది, దుమ్ము వస్తోందన్నట్టు.

"ఉండనీ," అన్నాడు మిలట్రీ. "దించేస్తే మీ నాన్నకు ఆ అద్దం కనపడదు. అక్కడే కూర్చోనీ." తలుపు తీసుకుని దిగాడు. "ఇంటికి తిప్పు. నేను చెబుతాను."

రోడ్డు ఇరుకు, ఒక పక్క గొయ్యి. ఆమె మళ్లీ ఎక్కి, అద్దంలో చూస్తూ వెనక్కి పోనిచ్చింది. అద్దంలో కుర్రాడు బూటు పట్టుకుని దగ్గరవుతున్నాడు, వెనక నుంచి ముసలి గొంతు "రానీ... రానీ... ఇంకా రానీ..." అంటోంది. ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నాడు. "ఆగు," అంది గొంతు.

మిలట్రీ తెల్లటి దుమ్ముతో నిండిన బూట్లతో వచ్చి, కాళ్లు కొట్టుకోకుండానే లోపలికి లాక్కుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు కింద రాలిన దుమ్ము కేసి చూశాడు. తిరుగు దారిలో క్వారీ రోడ్డు దాటేదాకా అద్దం ఉత్త బూడిదరంగే. అటువైపుగా ఆ కారు ఎన్నడూ రాలేదు.

పచ్చపెట్టె మళ్లీ మేడ మీదకు వెళ్లింది. మెట్ల కిందకు కాదు, గదిలోకి. ఆ పూట ఇన్‌స్పెక్టరు కంచంలో ఎవరూ వడ్డించలేదు. ఆయనే వడ్డించుకున్నాడు, తినలేదు. పెళ్లాం పలకలేదు. కూతురు ఎదురుపడితే పక్కకు తొలగింది, దారివ్వడానికి కాదు, తగలకుండా ఉండటానికి. తమ్ముడు మాత్రం ఎప్పటిలాగే "అన్నయ్యా, పేపరు చదివేశావా?" అని అడిగాడు. అదే ఆయన తట్టుకోలేకపోయాడని తర్వాత అనుకున్నారు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు ఇంట్లో లేడు. చేతిసంచీ లేదు, కంటి మందు లేదు. చెల్లెలి ఇంటికి వెళ్లుంటాడంది పెళ్లాం. "ఆకలేస్తే ఆయనే వస్తాడు," అని గాలి కొలిచే మీటరు తీసి అటక మీద పడేసింది.

పది రోజుల తర్వాత ఆశ్రమం నుంచి ఫోను వచ్చింది. మీ మాజీ సైనికుడు గారు మీరన్న గురువారానికి మర్నాడే బస్సులో వచ్చి, మీరు చెప్పిన గదిలోనే చేరారని చెప్పారు. భోజనం బాగానే చేస్తున్నారు, కంట్లో మందూ ఆయనే వేసుకుంటున్నారు. అందరూ మిలట్రీగారూ అని పిలుస్తుంటే పలుకుతున్నారు. కాకపోతే సైన్యం కబుర్లు చెప్పమంటే ఒక్కటీ చెప్పరు. దళంతో ఎందుకు వెళ్లలేదని తోటివాళ్లు గుచ్చి గుచ్చి అడిగితే, మా అన్న నన్ను దారిలో దించేసి పోయాడు అన్నారట.

అక్కడ ఎవరూ నమ్మలేదట.