గోడపక్క జాగ

ముక్కు మూసుకోకోయ్ అల్లుడూ! పెళ్లిచూపులకు పోయినట్టు సెంటు కొట్టుకొని బొంబాయి కామాటిపురకు వస్తే ఎట్లా? ఆ పగిలిన కిటికీకి నల్ల షీటు అడ్డం పెట్టాం కాబట్టి ఈ మాత్రం ఊపిరి ఆడుతోంది. దాని కథ చెబుతా, కూర్చో.

ఎనభై నాలుగులో ఈ గదిలో పన్నెండు మందిమి. రాత్రంతా మార్కెట్లో చెత్త ఎత్తడం, పొద్దున వచ్చి పడుకోవడం. కిటికీ అవతల సండాసు దొడ్డి, గోడంతా చెమ్మ, చెమ్మలో పురుగులు. అందరూ ఎడమకే తిరిగి, ఒకడి వీపుకు ఒకడి ముక్కు ఆనిస్తేనే చోటు సరిపోయేది. పాలమూరు నుంచి వచ్చిన రాజమల్లు ఒక్కడే కుడికి తిరిగేవాడు. బక్క మనిషి. ఎంత తోమినా గోళ్లలోంచి కుళ్లిన టమాటాల కంపు పోయేది కాదు. అతని ఊపిరి మొహాన తగిలి పక్కవాడు రోజూ బూతులు తిట్టేవాడు.

“ఎడమదిక్కు మర్లితే గుండె జారుతది ముత్తన్నా. గోడపక్క నీ జాగ నాకియ్యరాదే? గోడకే మర్లి పంటా.”

“ఏడికి జారుతదిరా, సండాస్లకా?” అనేవాణ్ణి. గది గొల్లుమనేది.

ఒకరోజు పని దిగగానే, వాడి నాటకం బయటపెడదామని నేనే పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. కుడికి పడుకోబెట్టి ఒక ఎక్స్‌రే, ఎడమకు పడుకోబెట్టి ఇంకొకటి తీశారు. రెండోసారికి వాడి చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆ ఫోటోలో గుండె డొక్కలోకి ఒరిగిపోయి ఉంది. తర్వాత కొత్తగా వచ్చిన స్కానింగ్ యంత్రంలోకి తోశారు. గుండె చుట్టూ ఉండే పొర ఎడమపక్క పుట్టుకతోనే లేదట. లక్షల్లో ఒకడట. కుర్ర డాక్టర్లు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకొని, సంతలో గొడ్డును చూసినట్టు చూశారు. ఒక్కడూ పేరడగలేదు. ఎడమకు పడుకోవద్దని, సోమవారం వచ్చి ఆపరేషన్‌కు చేరమని పెద్ద డాక్టరు చెప్పాడు.

రాజమల్లు ఆ రెండో ఫోటో చంకలో పెట్టుకొని పెళ్లికొడుకులా నడిచాడు. “ఇగ జాగ ఇస్తవ్ గదనే?”

గదిలో ఫోటో విప్పగానే నా నాలుక దురద పెట్టింది. “నమ్మకుండ్రిరో! ఫోరస్ రోడ్డు భంగార్ దుకాణంల, పాత సామాన్లల్ల కొన్నడు. కుక్క గుండెరా అది!”

పదిమందీ పడీ పడీ నవ్వారు. రాజమల్లూ నవ్వాడు. “మర్లు బే!” అని పక్కవాడు మోచేత్తో పొడిస్తే, ఫోటోను తలకింద పెట్టుకొని ఎడమకు తిరిగాడు.

సాయంత్రం నాలుగింటికి అందరం లేచాం. అతను లేవలేదు. నోటిమీద ఈగలు.

పదిమందిని వెర్రివాళ్లను చేశాననుకున్నాను. డాక్టరు మాట చెవులారా విన్నవాణ్ణి, గోడపక్క హాయిగా గురకపెట్టాను. నా అబద్ధాన్ని అందరికంటే ముందు నమ్మింది నేనే. థూ!

ఆ కిటికీ షీటు రాజమల్లు ఫోటోనే. ఎండ తగిలితే ఇప్పటికీ గుండె ఎడమకు ఒరిగి కనిపిస్తుంది.