కాజాల పిన్నికి తాఖీదు

"కాజాల పిన్ని గనక కోర్టుకెక్కితే మనం వీధిన పడతామే," అంది తల్లి, ఇంకా ఏమీ జరక్కముందే.

కూతురు కత్తిరింపు ఆపలేదు. "ముందు పిన్నికి ఆ కాగితమేదో ఇవ్వమ్మా. తర్వాత తీరిగ్గా పడదాం."

నలుగురు పనివాళ్లున్న కుట్టు దుకాణం తల్లిది. భయాలు మాత్రం పెద్ద ఫ్యాక్టరీకి సరిపడా ఉన్నాయి. సూది గుచ్చుకుంటుందేమో, తడి గచ్చు మీద ఎవరైనా పడతారేమో, ఇస్త్రీపెట్టె కొంప ముంచుతుందేమో. రోజుకు పది జాగ్రత్తలు చెప్పి, సాయంత్రానికి పదీ మరిచిపోయేది.

పదకొండేళ్లుగా కాజాలు కుడుతున్న పిన్ని నెల రోజులుగా అరగంట ఆలస్యంగా వస్తోంది. మిగతావాళ్లు గొణుగుతున్నారు. ఊరికే అడిగేస్తే పోయేదే. కానీ పనివాళ్ల విషయంలో చట్టం ఏమంటుందో యజమానులకు చెప్పే చిన్న పుస్తకం ఒకటి కూతురు తెచ్చిపెట్టింది. తల్లి తన ఏడో తరగతి చదువుతో దాన్ని మూడుసార్లు చదివి, ముఖ్యమైన మాటల కింద గీత గీద్దామని మొదలుపెట్టి, పుస్తకమంతా గీసేసింది. కాగితం రాసి పిలవాలి. తోడుగా ఒకరిని తెచ్చుకోనివ్వాలి. కారణం అడిగి, అడ్డురాకుండా వినాలి.

ఆ చివరిదే ఆమెకు గండం.

కాగితం ఎక్కడ కోపంగా కనిపిస్తుందోనని, "నువ్వు చేసిన సాయం మరువలేం, మా వల్ల తప్పులుంటే మన్నించు" అని చివర చేర్చింది. అది చదివిన పిన్ని మధ్యాహ్నం తన కత్తెర, వేలి తొడుగు సంచిలో సర్దుకుని మరీ వచ్చి కూర్చుంది. పక్కన తల్లి కన్న కూతురే.

"నువ్వు అటు కూర్చున్నావేమే?"

"తోడు రమ్మందమ్మా పిన్ని. పుస్తకంలో ఉందిగా."

తల్లి చూపు ఆ సంచి మీదే పడింది. ఈ చెయ్యి వెళ్లిపోతే అలాంటి కాజా కుట్టేవాళ్లు దొరకరు. పొద్దున్నే తన భయాలన్నీ ఓపిగ్గా వినేవాళ్లు అసలే దొరకరు.

"ఎందుకు ఆలస్యమవుతోంది?" అని అడిగి, జవాబు కూడా తనే చెప్పేయకుండా నాలుగు గుండుసూదులు పెదాల మధ్య బిగించుకుంది.

మిషన్లు ఆగాయి. పిన్ని సంచి తాడు ముడేసింది, విప్పింది, మళ్లీ ముడేసింది. ఏదో అనబోయి తల్లి సూదులు ఇంకాస్త లోపలికి లాక్కుంది.

పిన్ని తలెత్తింది.

"నెల కిందట నేను కాలు జారిన రోజున మీరే కదక్కా, పొద్దున్నే గచ్చు తడిగా ఉంటుంది, నడుం విరగ్గొట్టుకుంటావు, ఆరాక రా అన్నారు. ఆరాకే వస్తున్నా. ఇప్పుడు పొమ్మంటే పోతాను గానీ, ముందా సూదులు తీసెయ్యండి. మింగేస్తారేమోనని నాకు భయంగా ఉంది."