లెట్ ప్లీజ్, బావా!

ఆదివారం పోటీకి క్లబ్బు జట్టులో ఒక్క చోటే మిగిలింది. దానికోసం స్క్వాష్ కోర్టులోకి దిగింది బావామరదళ్లు. బావ వడ్రంగి. మనిషి ఆయన చేసే అల్మారాల్లో పెద్దసైజంత ఉంటాడు కనుక క్లబ్బులో అందరికీ బీరువా. మరదలు హోటల్లో సర్వర్. ముందు ఆట ఆడినవాళ్లు తరువాతి ఆటకు రిఫరీగా కూర్చోవడం అక్కడి పద్ధతి. ఆ రోజు అద్దం గోడ వెనక ఎత్తు కుర్చీలో చెమట తుడుచుకుంటూ కూర్చున్నది అక్క. ఒకరికి అక్క, ఇంకొకరికి భార్య. చూడవచ్చినవాళ్లకు అంతకంటే వినోదం ఏం కావాలి?

మరదలి కాళ్లలో మంచి చురుకుంది. చేతిమీద వేడి పళ్లేలు పేర్చుకుని, కిక్కిరిసిన బల్లల మధ్య ఎవరి భుజమూ తగలకుండా జారిపోగలదు. హోటల్లో మెప్పు తెచ్చిన ఆ నేర్పే ఇక్కడ ఆమె కొంప ముంచుతోంది. బావ బంతి కొట్టి, కోర్టు నడుమ పాతుకుపోతాడు. ఈ పిచ్చితల్లి ఆయన చుట్టూ తిరిగి వెళ్లి, పడుతూ లేస్తూ బంతిని ఎలాగో గోడకు తగిలిస్తుంది. ఆయన తాపీగా ఆట ముగిస్తాడు. రెండేళ్లుగా ఇదే తంతు. ఇవాళా మొదటి గేము అలాగే పోయింది. రెండోదీ ఆఖరి పాయింటుకు వచ్చింది.

ఆ బంతికీ ఆమె చుట్టూ తిరిగే వెళ్లింది. వెళ్లేలోపు బంతి రెండోసారి నేలను తాకింది, అంటే పాయింటు పోయినట్టే. ఒళ్లు మండిపోయి, ఎన్నడూ లేనిది, “లెట్ ప్లీజ్!” అని అరిచింది. అడ్డొచ్చాడు, మళ్లీ ఆడించమని అర్థం.

“నో లెట్,” అంది అక్క. గేము బావదే.

“అదేంటి? బావ అడ్డంగా ఉన్నాడు కదా!”

“నువ్వు బంతివైపు నేరుగా వెళ్లందే అడ్డున్నారని నేనెలా అంటాను? నేరుగా వెళ్లు. అడ్డొస్తే ఆగి అడుగు. అప్పుడు చూస్తా.”

మరదలు గటగటా నీళ్లు తాగింది. తన మీద తనకే కోపం వచ్చింది. అయిదు గేముల్లో మూడు గెలిచినవాళ్లదే మ్యాచ్; ఇంకొక్క గేము పోతే ఆదివారం కూడా పోయినట్టే. సరే, చూద్దాం అనుకుంది.

మూడో గేములో ఆమె నేరుగా వెళ్లి బావ భుజం దగ్గర ఆగింది. “లెట్ ప్లీజ్.”

“లెట్. తప్పుకోబోయారు కానీ చాల్లేదు. మళ్లీ ఆడండి.”

తరువాతిసారి బావ కదలనే లేదు. “స్ట్రోక్,” అంది అక్క. అంటే పాయింటే మరదలిది.

“నన్నెక్కడికి పొమ్మంటావే?” అన్నాడు బావ.

“మీ ఇష్టం. దానికి దారి మాత్రం వదలండి.”

చూసేవాళ్లు పగలబడి నవ్వారు. ఇక కొట్టిన ప్రతిసారీ పక్కకు తప్పుకోక తప్పలేదు బావకు. బీరువాకు ఆయాసం మొదలైంది. మూడు, నాలుగు గేములు మరదలివి. అయిదోదీ ఆఖరి పాయింటుకు వచ్చింది.

బావ కొట్టిన బంతి పక్కగోడకు తగిలి కోర్టు నడిమధ్యకే వచ్చింది. మరదలు రాకెట్ ఎత్తింది. సరిగ్గా ఎదురుగా బావ వీపు. ఆమె కొట్టలేదు. ఈసారి అరవనూ లేదు.

“లెట్ ప్లీజ్, బావా.”

“స్ట్రోక్. కొట్టుంటే ముందుగోడకు పోవాల్సిన బంతి మీ వీపుకు తగిలేది. మ్యాచ్ చెల్లిది.”

“చెల్లెలని ఇచ్చేశావు!” అన్నాడు బావ రొప్పుతూ.

“చెల్లెలని ఇచ్చేదాన్నయితే ఎప్పుడో ఇచ్చేదాన్ని. రెండేళ్లుగా చూస్తున్నా, ఇలాంటి పాయింట్లు ఎన్ని వదిలేసుకుందో.”

మరదలికి గెలిచిన సంతోషం పొంగుతుండగానే ఆ మాట చురుక్కుమంది.

“రెండేళ్లా? మరి ఒక్కసారైనా చెప్పలేదేంటక్కా?”

“నువ్వడిగింది ఇవాళేగా!”