అరవై ఒకటో మీటరు

కాదు, నేను ఒక నమూనాను కాను. ఎవరేమన్నా సరే, కాను. నేను ఒక గ్రాఫైట్ ముక్కను, అంతే. అరవై ఒకటో మీటరు లోతున తెగినదాన్ని. జానెడు పొడవు, మణికట్టంత లావు. రంపంతో నిలువునా కోశారు కనుక ఇప్పుడు సగమే ఉన్నాను. రెండో సగాన్ని పొడి చేసి పరీక్షించారు. ముప్పై ఒక్క శాతం గ్రాఫైట్ తేలింది. ఆ అంకె పుట్టిన రోజే నా ఏకాంతం పోయింది.

ఒకప్పుడు సముద్రపు నాచును. రెండు వందల కోట్ల ఏళ్లు బరువు కింద, వేడి కింద పడుకుని ఇలా అయ్యాను. నాకు తొందర లేదు. తొందర మనుషులది. కార్ల బ్యాటరీల్లో వేసే గ్రాఫైటంతా ఎక్కడో చైనా నుంచి రావడం వాళ్లకు నచ్చలేదట. అందుకని స్వీడన్ ఉత్తరాన, మంచులో, ఒక కంపెనీ నా మీదికి రాతిని తొలిచే బరమా దించింది.

అక్కడి రేకుల షెడ్డులో ఒక ఆచారం ఉంది. భూమిలోంచి తీసిన రాతి కడ్డీని వరుస తప్పకుండా చెక్కపెట్టెల్లో పేరుస్తారు. ఎవరైనా ఒక ముక్క తీస్తే, ఆ ఖాళీలో అంతే పొడవున్న చెక్కదిమ్మ పెట్టి లోతు రాస్తారు. నా చోటా ఒక దిమ్మ పడుకుంది. నన్ను మాత్రం అధికారి హోల్మ్ గాజు అలమరలో, దీపం కింద నిలబెట్టాడు.

నిజం చెప్పాలి, నాకది నచ్చింది. పొగడ్త రాళ్లను కూడా మెత్తబరుస్తుంది. నేను ముందే మెత్తనిదాన్ని. వచ్చినవాళ్లంతా నన్ను చేతిలోకి తీసుకుని తమకు కావలసింది నాలో చూసుకునేవాళ్లు. తర్వాత వెళ్లి మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కునేవాళ్లు. నా మెరుపు కావాలి, నా నలుపు వద్దు. అలా ఏడు నెలలు గడిచాక నాకు నా మీదే అసహ్యం వేసింది.

జోగారావు ఒక్కడే చేతులు కడుక్కునేవాడు కాదు. గరివిడి మాంగనీసు గనుల దగ్గర పుట్టినవాడు, ఇక్కడి భూగర్భ శాస్త్రవేత్త. పెట్టెల్లోని ప్రతి ముక్కనూ చూసి రాసి, సంతకం పెట్టేది అతనే.

ఒక మధ్యాహ్నం హోల్మ్ వచ్చి అతనికి చెప్పాడు: "రేపు పదింటికి బ్యాటరీల కంపెనీవాళ్లు వస్తున్నారు. వాళ్లు ఒప్పుకుంటేనే గని. ఈ ముక్క చూపించు. పెట్టెలు తెరవక్కర్లేదు. అడిగితే, అంతా ఇలాగే ఉంటుందను."

అతను వెళ్లాక జోగారావు నన్ను బొటనవేలితో రుద్దుతూ చాలాసేపు నిలబడ్డాడు. పక్క గదిలో బ్యాటరీ పొడి తయారుచేసే స్వరూప తొంగిచూసింది. ఆమెది జగిత్యాల.

"ఏంది జోగన్నా, గట్ల నిమురుతున్నవ్? పెండ్లిచూపులా?"

"పెళ్ళిచూపులే. సెల్లిని సూపించి అక్కని కట్టబెట్టడానికి నన్ను పేరయ్యని సేసినాడు."

"అక్కకేం తక్కువనే? పెట్టెలన్నిటి సగటు పదమూడు శాతం. ఆ పదమూడుతోనే నేను మంచి పొడి తియ్యలే? అక్కనే చూపియ్యి."

"సూసి కాదని ఎలిపోతేనో? షెడ్డుకి తాళం. నాను పెట్టె సర్దుకుని ఇంటికెల్లాల."

"చూడకుండ ఒప్పుకుంటే? తవ్వినంక తెలుస్తది. అప్పుడు అడిగేది హోల్మ్‌ను కాదు, సంతకం పెట్టిన నిన్ను."

జోగారావు నన్ను అలమరలో పెట్టేశాడు. అతని భయం నా ఒంటికి చెమటగా అంటుకుంది.

నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు. పదమూడు అనే అంకెను దాచుకోవలసిన మచ్చలా చూసే కళ్ల మీద. నా కింద, నా పైన ఉన్నవి నా తోడబుట్టినవే. అవే బరువు మోశాయి. గని అంటూ ఉంటే అది వాటి వల్లే ఉంటుంది, నా వల్ల కాదు. వాటిని మూసిపెట్టి నన్ను పొగిడితే ఆ పొగడ్త నాకు అక్కర్లేదు.

ఉదయం పదింటికి ముగ్గురు అతిథులు వచ్చారు. హోల్మ్ నవ్వుతూ అలమర వైపు చెయ్యి చాపాడు. జోగారావు నన్ను తీశాడు. ఒకామె అందుకోబోయింది. అతను ఇవ్వలేదు.

నన్ను పట్టుకుని షెడ్డు చివరికి నడిచాడు. వెనక నాలుగు జతల బూట్ల చప్పుడు. పెట్టె మూత తీశాడు. బూడిదరంగు ముక్కలు వరుసగా, మధ్యలో చెక్కదిమ్మ. దిమ్మను పైకి లాగి, ఆ ఖాళీలో నన్ను పడుకోబెట్టాడు. విరిగిన నా అంచు, పక్క ముక్క విరిగిన అంచులో సందు లేకుండా కూర్చుంది.