హద్దు బయట పడిన లైను ఇండ్లు

సోమవారం పొద్దున పవిత్ర ఆఫీసుకు వచ్చేసరికి ఆదిలక్ష్మమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. పవిత్ర వాళ్ల పక్క లైనులో ఉండే ముసలామె. ఆమె మొగుడు గోపాలప్ప ముప్పై ఏండ్లు బంగారు గనిలోకి దిగి, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో నిండి చనిపోయాడు.

"చూడు పాపా," అని ఒక కాగితం చాచింది. "నా ఇల్లు పట్టణం హద్దు బయట ఉండాదంట. హక్కుపత్రం ఇయ్యరంట. నలభై ఏండ్లుగా ఆడే ఉండాను. ఇల్లు యాడికి పోయిందమ్మా?"

"ఎక్కడికీ పోలేదవ్వా. లోపలికి రా, చూస్తా."

గని కార్మికుల పాత లైను ఇండ్లను మ్యాపులోకి ఎక్కించే పని పవిత్ర కంపెనీదే. సర్వే బృందాలు తెచ్చిన ఫైళ్లన్నిటినీ ఒక్క రూపంలోకి మార్చే ప్రోగ్రాం రాసింది పవిత్రే. ఆమె ఆ ఇంటి నంబరు కొట్టింది. తెర మీద మ్యాపు కదిలింది. కోలారు దాటింది, హిమాలయాలు దాటింది, ఇంకా పైపైకి పోయి ఉత్తర ధ్రువం దగ్గర ఒక మంచు తీరాన ఆగింది.

పవిత్రకు మొదట నవ్వొచ్చింది. అంకెలు చూశాక నవ్వు ఆగిపోయింది.

భూమి మీద ఏ చోటు చెప్పాలన్నా రెండు అంకెలు కావాలి. ఉత్తరానికి ఎంత, తూర్పుకు ఎంత. ఈ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు ఉత్తరం దాదాపు పదమూడు డిగ్రీలు, తూర్పు డెబ్బై ఎనిమిది. ఏది ముందు రాయాలన్న దగ్గరే చిక్కంతా. మొదటి బృందం ఇచ్చిన కేఎంఎల్ అనే రకం మ్యాపు ఫైళ్లలో తూర్పు ముందు వస్తుంది. రెండో బృందం జీఎంఎల్ అనే ఇంకో రకం ఫైళ్లు ఇచ్చింది. ఏ పద్ధతిలో కొలిచారో వాటి తలలో, అంటే మొదటి వరుసల్లోనే, రాసి ఉంది, ఆ పద్ధతిలో ఉత్తరమే ముందు. పవిత్ర ప్రోగ్రాం ఆ తల చదవకుండా అన్నిటికీ తూర్పే ముందనుకుంది. అంకెలు తారుమారై, డెబ్బై ఎనిమిది ఉత్తరంగా మారి, రెండో బృందం కొలిచిన నూట నలభై మూడు ఇండ్లూ మంచులో పడ్డాయి. కంప్యూటరు వాటి మీద 'హద్దు బయట' అని ముద్ర కొట్టేసింది.

ఆమె నేరుగా మేనేజరు రామచంద్ర గదిలోకి వెళ్లింది.

"తప్పు నాదే సార్. గంటలో సరిచేస్తాను. తాలూకా ఆఫీసరు గారికి మనమే చెప్పేద్దాం."

"నీ తప్పంటే కంపెనీ తప్పమ్మా. సుమ్మనుండు, నోరెత్తొద్దు," అన్నాడాయన. "ఆక్షేపణలు వినడానికి రేపే ఆఖరు. ఆ ఇండ్లు పోతే పోనీ, ఇంగో సర్వేలో చూసుకుందాం."

"ఇంగో సర్వే ఎప్పుడు సార్?"

ఆయన తుది జాబితా ముందుకు తోశాడు. అడుగున 'పరిశీలించాను' అన్న మాట, పక్కన పవిత్ర సంతకానికి ఖాళీ. "పెట్టు."

"నేను పరిశీలించినాను సార్. పరిశీలించినాను కాబట్టే పెట్టను."

"పెట్టకపోతే నీకీడ పని లేదు."

పవిత్ర పెన్ను ముట్టుకోలేదు. తన మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

మంగళవారం తాలూకా ఆఫీసు హాలుకు లైను జనమంతా వచ్చారు. విచారణ చేసే అధికారి మంజుశ్రీ పేర్లు పిలుస్తుంటే పవిత్ర లేచి నిలబడింది.

"ఆ అమ్మాయి ఇప్పుడు మా మనిషి కాదు మేడం," అన్నాడు రామచంద్ర ముందువరసలోంచి.

"మరి మీరెవరు?" అని మంజుశ్రీ పవిత్రను అడిగింది.

"ఆ ప్రోగ్రాం రాసిందాన్ని మేడం. తప్పు చేసిందాన్ని. చూపిస్తాను, చూడండి."

ల్యాప్‌టాప్‌లో ఆదిలక్ష్మమ్మ ఇల్లు తెరిచింది. గోడ మీది తెరంతా తెల్లటి మంచు. వెనక బెంచీల్లో ఎవరో పకపకా నవ్వారు. ఆదిలక్ష్మమ్మ లేచింది.

"నవ్వొద్దప్పా! నా మొగుడు భూమి కింద నిప్పుల మాదిరి వేడిలో ఉడికినాడు. మమ్మల్ని తీసుకపోయి మంచులో పారేస్తారా?"

పవిత్ర ఫైలు తలలోని వరుస అందరికీ చదివి వినిపించింది. రాత్రే సరిచేసి పెట్టుకున్న ప్రోగ్రాం నడిపించింది. చుక్కలు ఒక్కొక్కటే గని వదిలిన సైనైడు మట్టి దిబ్బల పక్కన బారులు తీరాయి. నూట నలభై రెండు హద్దు లోపల. మిగిలిన ఒక్కటి మాత్రం సరిగ్గా హద్దు గీత మీద పడింది.

"ఆ ఒక్క ఇల్లు గురువారం కొలుద్దాం," అంది మంజుశ్రీ. "ఈ జాబితా రద్దు. రామచంద్ర గారూ, ఈ తప్పు ఎలా జరిగిందో కంపెనీ తరఫున రాసివ్వండి."

బయట రామచంద్ర ఎదురుపడ్డాడు. "నీకు ఈ జిల్లాలో ఎవరు పనిస్తారో చూస్తాను."

"చూడండి సార్. అడిగినోళ్లకు ఏం జరిగిందో నేనే చెప్తాను. నా తప్పుతో సహా."

ఆదిలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నా వల్ల నీ పని పోయిందే పాపా."

"నీ వల్ల కాదవ్వా. నీ ఇల్లు పోగొట్టింది నేను."

గురువారం కొలత మనుషులు గీత మీది ఇంటికి టేపుతో వచ్చేసరికి, పవిత్ర ఆ ఇంటివాళ్లకు తోడుగా, ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ గడపలో నిలబడి ఉంది.